టెలిఫోన్ నంబరుకూ కావాలి టెస్ట్ సర్టిఫికెట్

వస్తువు కొన్న రోజున మన దృష్టి అంతా వస్తువు మీదనే ఉంటుంది. దానిని తయారుచేసిన సంస్థ ఎక్కడ ఉన్నది, దానితో మాట్లాడవలసి వస్తే ఎవరిని పిలవాలి అన్న ప్రశ్న ఆ రోజున ఎవరికీ తోచదు. వేసవిలో రిఫ్రిజిరేటర్ ఆగిపోయినప్పుడు, ప్రయాణానికి రెండు రోజుల ముందు విమానం రద్దయినట్లు సందేశం వచ్చినప్పుడు మాత్రమే ఆ ప్రశ్న ముందుకు వస్తుంది. అప్పటికి మనస్సు ఆందోళనలో ఉంటుంది, చేతిలో సమయం ఉండదు. చేతికి అందిన మొదటి నంబరుకే ఫోన్ చేస్తాము. నేటి మోసగాళ్ళు కాచుకుని ఉండేది సరిగ్గా ఈ ఘడియ కోసమే.

ఈ విషయం మన టౌన్‌షిప్ కుటుంబాలకు చాలా దగ్గరిది. భిలాయ్ కర్మాగార నిర్మాణకాలం నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగువారి పిల్లలు నేడు హైదరాబాద్, బెంగళూరులలోనే గాక సింగపూర్, దుబాయ్, అమెరికాలలో ఉద్యోగాలు చేస్తున్నారు. వారిని చూడడానికి తల్లిదండ్రులు రాయ్‌పూర్‌లోని స్వామి వివేకానంద విమానాశ్రయం నుంచి ఢిల్లీకో హైదరాబాద్‌కో చేరి, అక్కడ ఎయిర్ ఇండియా, సింగపూర్ ఎయిర్‌లైన్స్, ఎమిరేట్స్, ఖతార్ ఎయిర్‌వేస్ వంటి సంస్థల విమానాలు ఎక్కుతున్నారు. ఇళ్ళలో శామ్‌సంగ్, ఎల్‌జీ, సోనీ, పానసోనిక్ వస్తువులు సర్వసాధారణమైనవి. పదవీ విరమణ చేసినవారి బ్యాంకు ఖాతాలలో గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ సొమ్ము ఉంటుంది. ముప్పై అయిదేళ్ళ శ్రమఫలం ఒక తప్పుడు నంబరుకు చేసిన ఒక్క ఫోన్‌కాల్‌తో ఖర్చయిపోగలదు. కనుక సంస్థల సంప్రదింపు వివరాలను ఎక్కడ వెతకాలి, ఎలా సరిచూసుకోవాలి అన్నది ప్రతి కుటుంబమూ తెలుసుకోదగిన విద్య అని మేము భావిస్తున్నాము.

హీట్ నంబరు నేర్పే పాఠం

ఉక్కు పరిశ్రమలో పనిచేసేవారికి ఈ విద్య కొత్తదేమీ కాదు. మన స్టీల్ మెల్టింగ్ షాపులో కరిగించిన ప్రతి హీట్‌కూ ఒక నంబరు ఇస్తారు. ఆ హీట్ రసాయనిక విశ్లేషణ, బల పరీక్షల ఫలితాలు టెస్ట్ సర్టిఫికెట్‌లో నమోదు అవుతాయి. అదే నంబరు ప్లేటు మీద కూడా ఉంటుంది. హథ్‌ఖోజ్ భారీ పారిశ్రామిక ప్రాంతంలోని ఫ్యాబ్రికేషన్ షాపులో నాణ్యత తెలిసిన ఇన్‌స్పెక్టరు కాగితం ఒక్కటే చూసి ప్లేటును అంగీకరించడు. ప్లేటు మీది నంబరును కాగితం మీది నంబరుతో సరిపోల్చుతాడు. ప్లేటును కోయవలసి వస్తే, కోతకు ముందే ఆ నంబరును రెండో ముక్క మీదికి కూడా ఎక్కిస్తారు. నంబరు లేని ముక్క చూడడానికి ఎంత చక్కగా ఉన్నా, అది ఏ హీట్ నుంచి వచ్చిందో తెలియదు గనుక కీలకమైన పనులకు వాడరు.

టెలిఫోన్ నంబరు విషయంలోనూ మనం వేయవలసిన ప్రశ్న ఇదే: ఈ నంబరు ఎక్కడి నుంచి వచ్చింది? సంస్థ స్వయంగా ముద్రించిన చోటి నుంచి వచ్చినదైతే దానికి మూలం ఉన్నట్లు. ఇంటర్నెట్ శోధనలో పైన కనిపించినదో, వాట్సాప్‌లో ఎవరో పంపినదో, సామాజిక మాధ్యమంలో వ్యాఖ్యగా పెట్టినదో అయితే అది హీట్ నంబరు లేని ప్లేటు వంటిది.

మోసం జరిగే తీరు

మోసగాళ్ళు ఒక ప్రసిద్ధ సంస్థ పేరు పక్కన తమ నంబరు చేర్చి, డబ్బు కట్టి ప్రకటనగా వేయిస్తారు. శోధన ఫలితాల పైభాగంలో ప్రకటనలు వస్తాయి గనుక, తొందరలో ఉన్నవారి కంట మొదట అవే పడతాయి. పటాల యాప్‌లలో దుకాణం ఫోన్ నంబరును మార్చమని ఎవరైనా సూచించే వీలు ఉండడాన్ని కూడా వీరు వాడుకుంటారు. విమానసంస్థ మీద ఎవరైనా బహిరంగంగా ఫిర్యాదు రాస్తే, ఆ సంస్థ పేరును పోలిన ఖాతా నుంచి “మీ ఫోన్ నంబరు ఇవ్వండి, మేమే పిలుస్తాము” అంటూ జవాబు పెడతారు.

ఫోన్ ఎత్తినవాడు మర్యాదగా మాట్లాడతాడు. ఫిర్యాదు నమోదు చేస్తున్నట్లు నటిస్తాడు. తరువాత రుసుముగా పది రూపాయలు పంపమనో, రీఫండ్ కోసం ఒక యాప్ పెట్టుకోమనో చెబుతాడు. ఆ యాప్ మన ఫోన్ తెరను అతనికి చూపిస్తుంది. మనం టైపు చేసే పిన్, మనకు వచ్చే ఓటీపీ అతని కంటి ముందే ఉంటాయి. ఎనీడెస్క్ వంటి దూర నియంత్రణ యాప్‌లను మోసగాళ్ళు ఈ విధంగా దుర్వినియోగం చేస్తున్నారని రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. యాప్‌లో స్వతహాగా దోషం లేదు. తాళంచెవిని అపరిచితుడి చేతిలో పెట్టడమే ప్రమాదం.

ఇక్కడ రెండు సూత్రాలు కంఠస్థం చేయదగినవి. యూపీఐలో పిన్ నమోదు చేయవలసినది డబ్బు పంపడానికే. డబ్బు పుచ్చుకోవడానికి పిన్‌తో పని లేదు. రెండవది, నిజమైన సంస్థ ఫిర్యాదు తీసుకోవడానికి మన ఓటీపీని గానీ, కార్డు వెనుక ఉండే మూడు అంకెలను గానీ అడగదు.

నంబరు రూపాన్ని బట్టి కూడా కొంత గ్రహించవచ్చు. మన దేశంలో 1800తో మొదలయ్యే నంబర్లకు పిలిచినవారు ఏమీ చెల్లించనక్కర లేదు; 1860తో మొదలయ్యేవాటికి పిలిచినవారే చెల్లించాలి. ప్రచార కాల్స్‌కు 140 శ్రేణిని, ప్రభుత్వ శాఖలూ ఆర్థిక సంస్థలూ చేసే సేవా సంబంధమైన కాల్స్‌కు 1600 శ్రేణిని కేటాయించారు. పేరున్న పెద్ద సంస్థ కస్టమర్ కేర్ అని చెప్పుకుంటూ మామూలు పది అంకెల మొబైల్ నంబరు కనిపిస్తే సందేహించవలసినదే. అయితే 1800తో మొదలైనంత మాత్రాన అది ఆ సంస్థదేనన్న రుజువు కూడా లేదు. నంబరు రూపం కంటె దాని మూలమే ముఖ్యం.

ఎలక్ట్రానిక్ వస్తువులు: పెట్టె మీదనే ఉన్న సమాధానం

చాలామందికి తెలియని విషయం ఒకటి ఉన్నది. 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాల ప్రకారం, ఫిర్యాదు ఉన్నప్పుడు సంప్రదించవలసిన వ్యక్తి లేక కార్యాలయం పేరు, చిరునామా, టెలిఫోన్ నంబరు, ఇ-మెయిల్ చిరునామా ప్యాకేజీ మీద ముద్రించి తీరాలి. అంటే మనం వెతుకుతున్న నంబరును చట్టమే మన ఇంటికి పంపిస్తున్నది. మనం మాత్రం ఆ అట్టపెట్టెను మరునాడే పాతసామాన్లవాడికి అమ్మివేస్తున్నాము. పెట్టెను దాచనక్కర లేదు. దానిమీది ఆ నాలుగు వరుసలను ఫోటో తీసుకుంటే చాలును.

వస్తువు వెనుక గానీ, తలుపు లోపలి అంచున గానీ అంటించిన రేటింగ్ లేబుల్ మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉంటాయి. మొబైల్ ఫోన్‌కైతే 15 అంకెల ఐఎంఈఐ నంబరు ఉంటుంది. స్టార్, హాష్, 06, హాష్ నొక్కితే తెరమీద కనిపిస్తుంది. సంస్థను పిలిచినప్పుడు మొదట అడిగేది ఈ వివరాలనే. వారంటీ లెక్కకు కొనుగోలు బిల్లు ఆధారం గనుక ఆ బిల్లును కూడా ఫోటో తీసి ఉంచుకోవాలి. థర్మల్ కాగితం మీది అక్షరాలు కొంతకాలానికి వెలిసిపోతాయి.

సంస్థ పేరు పెట్టుకున్న ప్రతి మరమ్మతు దుకాణమూ మోసమని మేము అనడం లేదు. పట్టణంలో నిజాయితీగా పనిచేసే స్వతంత్ర మెకానిక్కులు ఎందరో ఉన్నారు. వారంటీ ముగిసిన వస్తువుకు వారే చౌక, వారే సులభం. అయితే వారంటీలో ఉన్న వస్తువును సంస్థ అధీకృత కేంద్రం కానిచోట విప్పిస్తే తరువాత వారంటీ చిక్కులో పడవచ్చును. కనుక “మీరు అధీకృత కేంద్రమేనా?” అని దుకాణదారును అడగడంతో ఆగక, సంస్థ వెబ్‌సైటులోని కేంద్రాల జాబితాలో ఆ పేరు ఉన్నదో లేదో చూడాలి.

విమాన టికెట్టు చెప్పే వివరాలు

విమానసంస్థల విషయంలో పెట్టె బదులు టికెట్టు ఉంటుంది. దానిమీద ఆరు అక్షరాంకాల పి.ఎన్.ఆర్. ఉంటుంది. చాలా సంస్థల టికెట్టుకు 13 అంకెల నంబరు కూడా ఉంటుంది. దాని మొదటి మూడు అంకెలు టికెట్టు జారీచేసిన సంస్థను తెలుపుతాయి: ఎయిర్ ఇండియాకు 098, సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు 618, థాయ్ ఎయిర్‌వేస్‌కు 217, కాథే పసిఫిక్‌కు 160, జపాన్ ఎయిర్‌లైన్స్‌కు 131, ఎమిరేట్స్‌కు 176. కొన్ని చౌక విమానసంస్థలు మాత్రం పి.ఎన్.ఆర్.తోనే సరిపెడతాయి.

ఈ వివరం తెలియడం వలన ప్రయోజనం ఉన్నది. పెద్ద సంస్థలు ఒకదాని విమానంలో మరొకటి తన నంబరుతో సీట్లు అమ్ముకుంటాయి. ఎయిర్ ఇండియా, సింగపూర్ ఎయిర్‌లైన్స్ రెండూ స్టార్ అలయన్స్ సభ్యులే. కనుక ఎక్కిన విమానం ఒకరిది, టికెట్టు జారీచేసినది మరొకరు కావడం అరుదు కాదు. టికెట్టు మార్పు, రద్దు, రీఫండ్ విషయాలను సాధారణంగా జారీచేసిన సంస్థతో మాట్లాడాలి. ఆ రోజు విమానం ఆలస్యమైతే గానీ, సామాను రాకపోతే గానీ విమానం నడిపిన సంస్థను అడగాలి.

ఏజెంటు ద్వారా కొన్నవారిని విమానసంస్థ ఏజెంటు దగ్గరికీ, ఏజెంటు విమానసంస్థ దగ్గరికీ పంపడం తరచు వినబడే బాధ. ఏజెంటు సంస్థకు ప్రతినిధి గనుక రీఫండ్ బాధ్యత విమానసంస్థదేనని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధనలు చెబుతున్నాయి. సంస్థ స్పందించకపోతే పౌర విమానయాన మంత్రిత్వశాఖ 2016లో ప్రారంభించిన ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చును.

అంతర్జాతీయ ప్రయాణంలో సామాను విషయమై గడువులు ఖచ్చితమైనవి. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో భారతదేశం 2009లో చేరింది. దాని ప్రకారం సామాను దెబ్బతింటే అందుకున్న నాటి నుంచి 7 రోజులలో, ఆలస్యంగా అందితే 21 రోజులలో లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఫోన్‌లో ఎంతసేపు మాట్లాడినా అది లిఖిత ఫిర్యాదు కాదు. విమానాశ్రయం వదలకముందే సామాను కౌంటరులో నివేదిక రాయించి దాని ప్రతిని తీసుకోవాలి.

ఒక జాగ్రత్త: పి.ఎన్.ఆర్., ఇంటిపేరు ఈ రెండే తెలిసినా చాలా సంస్థల వెబ్‌సైటులో మన బుకింగ్ తెరుచుకుంటుంది. పిల్లల దగ్గరికి వెళుతున్న సంతోషంలో టికెట్టు ఫోటోను, బోర్డింగ్ పాసును నలుగురికీ పంపడం మానుకోవడం మంచిది.

పేరు మిగిలి, సంస్థ మారిన సందర్భాలు

పాత డైరీలో రాసుకున్న నంబరును గుడ్డిగా వాడరాదు. సంస్థలు మూతపడతాయి, చేతులు మారతాయి. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో విమానాలు నిలిపివేశాయి. విస్తారా 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో విలీనమైంది. 1953లో జాతీయమైన ఎయిర్ ఇండియా 2022 జనవరి 27న తిరిగి టాటాల చేతికి వచ్చింది. ఇటువంటి మార్పు జరిగిన ప్రతిసారీ వేలాది ప్రయాణికులు రీఫండ్ కోసం, కొత్త చిరునామా కోసం వెతుకుతారు. ఆ అయోమయమే మోసగాళ్ళకు పంట.

ఎలక్ట్రానిక్ రంగంలోనూ ఇంతే. జపాన్‌కు చెందిన షార్ప్‌లో 2016లో తైవాన్ ఫాక్స్‌కాన్ ఆధిక్య వాటా పొందింది. అదే సంవత్సరం తోషిబా గృహోపకరణ వ్యాపారం చైనాకు చెందిన మిడియా చేతికి, 2018లో దాని టెలివిజన్ వ్యాపారం హైసెన్స్ చేతికి వెళ్ళాయి. వస్తువు మీది పేరు ఒకటే అయినా జవాబు చెప్పవలసిన సంస్థ మారి ఉండవచ్చును. అందువలన ఈ వ్యాసంలో ఏ సంస్థ నంబరునూ మేము ముద్రించడం లేదు. నేడు సరియైన నంబరు రేపు చెల్లకపోవచ్చు. దానిని కనుగొనే పద్ధతి మాత్రం చెల్లుతూనే ఉంటుంది.

వెబ్‌సైటు చిరునామాను కూడా పరిశీలించి చదవాలి. “.com”, “.co.in” వంటి ముగింపుకు సరిగ్గా ఎడమ పక్కన ఉన్న మాట సంస్థ అసలు పేరేనా అని చూడాలి. సంస్థ పేరుకు “హెల్ప్”, “కేర్”, “రీఫండ్” వంటి మాటలు తగిలించిన చిరునామాలను నమ్మరాదు. శోధన చేయడం కంటె, టికెట్టు మీదో వారంటీ కార్డు మీదో ముద్రించిన చిరునామాను చేతితో టైపు చేయడం క్షేమకరం.

చట్టం మనకిచ్చిన దారులు

సంస్థ సియోల్‌లో ఉన్నా, సింగపూర్‌లో ఉన్నా వినియోగదారుడు నిస్సహాయుడు కాడు. 1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ఫిర్యాదుదారుడు తాను నివసించే చోటనే, లేదా పనిచేసే చోటనే కేసు వేయవచ్చును. భిలాయ్ వాసికి అది దుర్గ్ జిల్లా కమిషన్. ఆన్‌లైన్ అమ్మకాలకు సంబంధించిన 2020 నియమాల ప్రకారం ప్రతి ఇ-కామర్స్ సంస్థ ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు ప్రకటించాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. కేసు దాకా వెళ్ళనక్కర లేకుండా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ద్వారా తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో సహాయం పొందవచ్చును.

మోసం జరిగిపోయినట్లయితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఈ జాతీయ సైబర్ నేరాల హెల్ప్‌లైన్ పోలీసులనూ బ్యాంకులనూ ఒకే వ్యవస్థలో కలుపుతుంది. సొమ్ము ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు నిమిషాలలో దాటిపోతుంది గనుక, అది బయటకు పోకముందే స్తంభింపజేయడం ఈ ఏర్పాటు ఉద్దేశం. తరువాత జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. బ్యాంకుకు కూడా వెంటనే తెలియజేసి, ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. రహస్య వివరాలను ఖాతాదారుడే ఇతరులకు తెలిపిన సందర్భంలో బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టం అతనిదని, తెలియజేసిన తరువాత జరిగిన నష్టం బ్యాంకుదని రిజర్వ్ బ్యాంక్ 2017 జూలైలో జారీచేసిన ఉత్తర్వులలో స్పష్టం చేసింది. అంటే సిగ్గుపడి, ఇంట్లో తెలిస్తే ఏమంటారో అని దాచిన ప్రతి గంటకూ వెల మనమే చెల్లిస్తాము. మోసపోయిన పెద్దలను పిల్లలు తప్పుపట్టే బదులు ముందు ఫోన్ చేయించడం ఆ కుటుంబానికి మేలు.

ఇంటింటా ఒక రిజిస్టరు

కర్మాగారంలో ప్రతి యంత్రానికీ హిస్టరీ కార్డు ఉంటుంది. అటువంటిదే ప్రతి ఇంటిలోనూ ఉంటే మంచిదని మా సూచన. ఒక నోటుపుస్తకం చాలును. ఒక్కొక్క వస్తువుకు ఒక పుట కేటాయించి ఈ కింది వివరాలు రాసుకోవచ్చును.

1. వస్తువు, మోడల్ నంబరు, సీరియల్ నంబరు, కొన్న తేదీ, వారంటీ ముగిసే తేదీ.
2. పెట్టె లేక వారంటీ కార్డు మీది సంప్రదింపు నంబరు, ఇ-మెయిల్. దానిని ఎక్కడి నుంచి తీసుకున్నదీ, ఏ తేదీన రాసుకున్నదీ.
3. ప్రయాణమైతే టికెట్టు జారీచేసిన సంస్థ, పి.ఎన్.ఆర్., టికెట్టు నంబరు, సంస్థ వెబ్‌సైటు చిరునామా.
4. సంస్థతో మాట్లాడిన ప్రతిసారీ తేదీ, ఫిర్యాదు నంబరు.
5. పుస్తకం అట్టమీద పెద్ద అక్షరాలలో రెండు నంబర్లు: 1930, 1915.

ఇందులో రెండవ అంశంలోని “ఎక్కడి నుంచి” అన్న గడి అన్నిటికంటె ముఖ్యమైనది. అది నింపలేని నంబరుకు ఫోన్ చేయరాదన్న నియమం ఇంట్లో అందరూ పాటిస్తే, పైన చెప్పిన మోసాలలో అధికభాగం మన గుమ్మం దాటి లోనికి రాలేవు.

చివరిగా, ఇది మనవైపు నుంచి కూడా ఆలోచించవలసిన విషయం. మనమూ ఉత్పత్తిదారులమే. హథ్‌ఖోజ్‌లోని చిన్న యూనిట్ మొదలుకొని మన కర్మాగారం వరకు అందరికీ కొనుగోలుదారులు ఉన్నారు. లెటర్‌హెడ్ మీద ముద్రించిన నంబరు నేటికీ పనిచేస్తున్నదా, బదిలీ అయిన అధికారి పేరే ఇంకా వెబ్‌సైటులో ఉన్నదా, ఉద్యోగం కోసం వెతికే యువకుడికి మన అసలు చిరునామా సులభంగా దొరుకుతున్నదా అని ప్రతి విభాగమూ ఆరు నెలలకు ఒకసారి సరిచూసుకోవాలి. సంస్థ తన నిజమైన చిరునామాను స్పష్టంగా ప్రకటించనిచోట, ఆ ఖాళీలో మరొకడు తన నంబరు రాసుకుంటాడు. సరుకుతో పాటు టెస్ట్ సర్టిఫికెట్ పంపడం మనకు ఏనాటి నుంచో అలవాటు. సరియైన చిరునామాను కూడా అంతే శ్రద్ధతో జతపరచవలసిన కాలం ఇది.